తెర మీద నెంబరు పడుతూనే ఉంది, దొంగ ప్రసారం మాత్రం ఆగడం లేదు. ఎందుకు?

విభాగం: కేబుల్, డీటీహెచ్, ఓటీటీ – హైదరాబాద్

వనస్థలి_కేబుల్ | శనివారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. వనస్థలిపురం వైపు 2001 నుంచి కేబుల్ నడుపుతున్నాను. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ రాయకుండా నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం ఒక ఇంటికి ఇంటర్నెట్ కంప్లెయింట్ మీద వెళ్ళాను. పాత కస్టమరే. ఆర్నెల్ల కిందట "పిల్లల పరీక్షలు శీనూ, టీవీ ఎవరూ చూడట్లేదు" అని కేబుల్ బాక్సు తిరిగి ఇచ్చేశారు. నెట్ మాత్రం ఉంచుకున్నారు. హాల్లోకి అడుగు పెడితే టీవీలో మ్యాచ్ నడుస్తోంది. టీవీ కింద అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా, దానికో నీలం లైటు.

నేను రూటర్ చూస్తూనే ఒక కన్ను తెర మీద వేశాను. స్కోరు పట్టీకి కాస్త పైన, కుడివైపు ఒక మసక గడి కదులుతోంది. మ్యాచ్ మధ్యలో మన బాక్సు నెంబరు తెర మీద పడి కాసేపటికి పోతుంది చూడండి, ఆ నెంబరు పడినచోటల్లా ఈ మసక వచ్చి కప్పేస్తోంది. ఒకసారి కాస్త ఆలస్యంగా వచ్చింది. ఒక్క సెకను పాటు మొదటి నాలుగంకెలు స్పష్టంగా కనిపించాయి.

ఆ ఇంటి పెద్దాయన మొహం పక్కకు తిప్పుకున్నారు. నేనూ ఏమీ అనలేదు. పిన్ను మార్చి, నెట్ వచ్చిందని చూపించి వచ్చేశాను.

నా దగ్గర 640 కనెక్షన్లు ఉండేవి, ఇప్పుడు 390. డీటీహెచ్‌కి కొన్ని పోయాయి, ఫోన్లకి కొన్ని పోయాయి, అది న్యాయమే. ఈ డబ్బాకి ఎన్ని పోయాయో తెలియదు. ఐపీఎల్ 2023 నుంచి 2027 దాకా ఒక్క టీవీ హక్కులకే 23,575 కోట్లు పెట్టారు. అంత సొమ్ము పెట్టినవాళ్ళు ఈ అరచేతి డబ్బాను ఎందుకు ఆపలేకపోతున్నారు? లోపలి సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి.

మోడరేటర్ | ఆదివారం, ఉదయం 7:10

మంచి ప్రశ్న. చర్చ సాగనివ్వండి. ఒక్క మనవి: యాప్‌ల పేర్లు, లింకులు, అమ్మేవాళ్ళ నెంబర్లు ఎవరూ పెట్టొద్దు. కనిపిస్తే తీసేస్తాను.

గల్లీ_రిపేరు | ఆదివారం, ఉదయం 8:25

శీను అన్నా, నాది కోఠి గుజరాతీ గల్లీ దగ్గర రిపేరు షాపు. ఆ డబ్బాలో దొంగతనం ఏమీ ఉండదు. అది మామూలు ఆండ్రాయిడ్ బాక్సు, ఎవరైనా కొనొచ్చు, ఎవరైనా అమ్మొచ్చు. అందులో వేసే యాప్‌తోనే తంటా అంతా. కొన్నవాడికి వాట్సాప్‌లో ఒక యూజర్ నేమ్, పాస్‌వర్డ్ వస్తాయి, అంతే. పోలీసులు షాపుకొస్తే "నేను డబ్బా అమ్మాను సార్, వాళ్ళేం చూస్తారో నాకేం తెలుసు" అంటాడు. నిజంగానే షాపులో ఉన్న డబ్బాలో ఏమీ ఉండదు.

నా దగ్గరికి వారానికి ఇద్దరైనా వస్తారు, యాప్ వేసి పెట్టమని. నేను వెయ్యను.

హెడ్‌ఎండ్_మూర్తి | ఆదివారం, ఉదయం 9:40

శీను గారూ, నేను హైదరాబాద్‌లోనే ఒక ఎంఎస్ఓ (మీలాంటి ఆపరేటర్లకి సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీ) హెడ్‌ఎండ్‌లో, అంటే ఛానళ్ళన్నీ వచ్చి చేరే కంట్రోల్ రూములో, పంతొమ్మిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మీరు అడిగినదానికి కాస్త వివరంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

ఛానల్ వాళ్ళు శాటిలైట్‌కి పంపేటప్పుడే సిగ్నల్‌కి తాళం వేసి పంపుతారు. హెడ్‌ఎండ్‌లో మేం దాన్ని విప్పి, మళ్ళీ మా తాళం వేసి ఫైబర్‌లోకి వదులుతాం. మీ నోడ్, మీ యాంప్లిఫయర్, వీధి స్తంభం మీది ట్యాప్, ఇవన్నీ దాటి బాక్సు దాకా వచ్చేది అర్థంపర్థం లేని అంకెల వరద. దాన్ని బొమ్మగా మార్చే తాళంచెవి కొన్ని సెకన్లకోసారి మారిపోతూ ఉంటుంది, మామూలుగా పది సెకన్లు అటూ ఇటూ. మధ్యలో వైరు కోసి టీవీకి పెట్టుకున్నవాడికి నల్ల తెర తప్ప ఏమీ రాదు. 2013 మార్చి 31 గడువుతో హైదరాబాద్‌లో అనలాగ్ కేబుల్ మూసేసి బాక్సులు పెట్టించింది అందుకే. ఆ పని బాగానే జరిగింది. బస్తీల్లో మేడ మీద నుంచి కొక్కెం వేసి లైను లాక్కునే రోజులు దాంతో పోయాయి.

అయితే ఈ తాళం దారికి వేసిన తాళం. ఇంట్లోకి వచ్చాక తీసి ఇవ్వక తప్పదు, ఎందుకంటే మనిషి కన్ను తాళం వేసిన బొమ్మను చూడలేదు. నెలకి రెండు మూడొందలు కట్టిన బాక్సు నిజాయితీగా తన పని తాను చేస్తుంది, తాళం తీసి హెచ్‌డీఎంఐ వైరులోంచి శుభ్రమైన బొమ్మ ఇస్తుంది. ఆ వైరుకి కూడా హెచ్‌డీసీపీ అని ఇంకో తాళం పెట్టారు. దాని మూల తాళంచెవి 2010 సెప్టెంబరులో ఇంటర్నెట్‌లో బయటపడింది. అది అసలుదేనని దాన్ని తయారుచేసిన ఇంటెల్ కంపెనీయే ఒప్పుకుంది. అప్పటికే కోట్ల టీవీలు ఇళ్ళలో ఉన్నాయి, వాటన్నిటినీ మార్చమని ఎవరికి చెప్తారు?

బ్యాంకు లాకరుతో పోల్చి చూడండి. అక్కడ తాళానికి ఇవతల దొంగ, అవతల సొమ్ము. ఇక్కడ తాళంచెవి ఇచ్చి లోపలికి రమ్మన్న కస్టమరే దొంగ కావచ్చు. కోటి మంది కస్టమర్లలో ఒక్కడు బొమ్మను బయటికి వదిలితే చాలు, మిగతా అందరి నిజాయితీ దానికి అడ్డం పడలేదు. పే టీవీ కంపెనీ ప్రతి ఇంట్లోనూ గెలవాలి, దొంగకి ఒక్క ఇల్లు చాలు.

ఇక మీరు చూసిన మసక సంగతి. దాన్ని ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. ప్రతి బాక్సు తన నెంబరును తానే తెర మీద వేస్తుంది. టీవీ రంగానికి నియమాలు పెట్టే ట్రాయ్ సంస్థ 2017 నిబంధనల ప్రకారం రిమోట్‌లో ఏ బటన్ నొక్కినా అది పోకూడదు. దొంగ ప్రసారాలను కనిపెట్టే పని కొన్ని సంస్థలకు అప్పగిస్తారు. వాళ్ళు దొంగ ప్రసారంలో పడిన నెంబరు చదివి చెప్తే, ఇక్కడ ఆ బాక్సును చంపేస్తారు. అందుకే అవతలివాడు దాన్ని మసక చేస్తాడు. కంటికి కనిపించని గుర్తు కూడా ఒకటి ఉంది, బొమ్మలోనే కలిపేస్తారు, అది మసకకి లొంగదు. కానీ దాన్ని బయటికి తీసి చదవడానికి టైము పడుతుంది. మ్యాచ్ మూడున్నర గంటలే.

సంధ్య_కూకట్‌పల్లి | ఆదివారం, ఉదయం 10:15

శీను గారు ఇలా అడిగారు కాబట్టి నిజం చెప్తాను. పోయిన దసరా దాకా మా ఇంట్లోనూ ఆ డబ్బా ఉండేది. మమ్మల్ని దొంగలని తిట్టే ముందు ఒక ఇంటి లెక్క వినండి.

మా అత్తగారికి తెలుగు సీరియళ్ళు. మా ఆయనకి క్రికెట్. పాపకి కార్టూన్లు. 2019లో ట్రాయ్ కొత్త ధరలు వచ్చినప్పుడు ఏం చెప్పారు? కావలసిన ఛానల్ మాత్రమే ఎంచుకోండి, దానికే కట్టండి అన్నారు. వంద ఛానళ్ళకి 130 రూపాయలు, పైన జీఎస్టీ కలిపి 153 చిల్లర, ఆ పైన ఒక్కో ఛానల్‌కీ వేరే. నేను కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. నాలుగు తెలుగు ఛానళ్ళు, ఒక స్పోర్ట్స్, ఒక కార్టూన్ విడిగా తీసుకుంటే ప్యాకు కన్నా ఎక్కువైంది. ప్యాకు తీసుకుంటే మాకు అక్కర్లేని ముప్పై ఛానళ్ళు వెంట వచ్చాయి. దాని పైన ఓటీటీలు మూడు. క్రికెట్ ఏమో ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి పోతూ ఉంటుంది.

ఇక 2025 ఆగస్టు. రామంతాపూర్‌లో రథానికి కరెంటు తగిలి జనం చనిపోయాక ఊరంతా స్తంభాల మీది కేబుళ్ళు కోసేశారు. ప్రాణాలు పోయాయి, కోయడం తప్పని నేను అనను. కానీ మా వీధిలో తొమ్మిది రోజులు కేబుల్ లేదు. ఆపరేటర్ ఫోన్ ఎత్తలేదు, నెల డబ్బు మాత్రం పూర్తిగా అడిగాడు. అప్పుడు కొన్నాం డబ్బా. ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా ఆడింది.

2023లో ఐపీఎల్ ఫోన్లో ఉచితంగా ఇచ్చారు కదా, ఆ ఏడాది మా అపార్ట్‌మెంట్లో ఒక్కరు కూడా దొంగ లింకు వెతకలేదు. ఇది నేను కళ్ళారా చూసింది.

వనస్థలి_కేబుల్ | ఆదివారం, ఉదయం 10:48

సంధ్య మేడమ్, మీ ఆపరేటర్ చేసింది తప్పే. కోసిన రోజుల డబ్బు నేను తగ్గించాను, అందరూ తగ్గించి ఉండాల్సింది.

మూర్తి సార్, నిన్న ఒక మాట దాచాను. నేను చూసిన నాలుగంకెలు మా ఎంఎస్ఓ బాక్సుల సిరీస్‌వే. నా గోడౌన్లో ఖాళీ బాక్సులు తీసి పక్కన పెట్టి చూశాను. అవే నాలుగంకెలు. రాత్రి నిద్ర పట్టనిది అందుకే.

హెడ్‌ఎండ్_మూర్తి | ఆదివారం, ఉదయం 11:05

భయపడకండి. ఆ సిరీస్‌లో లక్షల బాక్సులు ఉంటాయి, నాలుగంకెలతో ఏదీ తేలదు. పూర్తి నెంబరు దొరికితే మాత్రం ఏ ఎల్‌సీఓ (మీలాంటి లోకల్ ఆపరేటర్) కింద, ఏ పేరు మీద, ఏ రోజు యాక్టివేట్ అయిందో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. తెలిసాక ఏం జరుగుతుందో కూడా చెప్తాను, నేను చూసిందే. ఒకసారి అలా దొరికిన నెంబరు పట్టుకుని వెళ్తే అడ్రసులో ఖాళీ ప్లాటు ఉంది. ఆధార్ కాపీ ఎవరిదో. ఆ కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు నెలకి ఇన్ని యాక్టివేషన్లు చూపించాలన్న టార్గెట్ కోసం ఏ కాగితం ఇచ్చినా తీసుకున్నాడు. వాడికి దొంగ ఎవరో కూడా తెలియదు.

తాళంలో లోపం ఉండి పోయేది తక్కువ. ఇలాంటి కాగితాల్లోంచి పోయేదే ఎక్కువ.

గల్లీ_రిపేరు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

ఇంకోటి ఉంది సార్. కొన్ని చోట్ల ఆపరేటర్లే డీటీహెచ్ బాక్సు పెట్టి, దాని బొమ్మ తీసి తమ లైన్లో వదులుతారు. అప్పుడు కేబుల్ కస్టమర్ ఇంట్లో డీటీహెచ్ నెంబరు కనిపిస్తుంది. మా షాపుకి ఒకాయన ఫోటో తీసుకుని వచ్చాడు, "మా టీవీ హ్యాక్ అయిందా భయ్యా, ఏదో వేరే నెంబరు వస్తోంది" అని.

అడ్వకేట్_పద్మజ | ఆదివారం, మధ్యాహ్నం 2:20

చట్టం వైపు నుంచి నాలుగు మాటలు. నేను నాంపల్లి కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తాను.

చట్టం లేదని ఎవరూ అనుకోవద్దు. కాపీరైట్ చట్టం 1957లోని 37వ సెక్షన్ ప్రసార సంస్థకి తన ప్రసారం మీద 25 ఏళ్ళ హక్కు ఇస్తుంది. 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్ ఇలాంటి సాంకేతిక తాళాలను తప్పించుకోవడాన్నే నేరం చేసింది. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. ఇది పోలీసులు వారంట్ లేకుండా అరెస్టు చేయగల, బెయిలు హక్కుగా రాని నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. మన తెలంగాణలో ఇలాంటి నేరాల కోసమే 2016లో ప్రత్యేక విభాగం కూడా పెట్టారు.

పేరు తెలియని దొంగల మీద ఆర్డరు తెచ్చుకునే పద్ధతి మన దేశంలో మొదలైందే కేబుల్ కేసుతో. 2002 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు అప్పుడు టెన్ స్పోర్ట్స్ ఛానల్‌ని లైసెన్సు లేకుండా వేస్తున్న ఆపరేటర్ల మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళారు. ఎవరెవరో పేర్లు చెప్పలేరు, చెప్పేలోగా కప్పు అయిపోతుంది. అందుకని పేరు తెలియని ప్రతివాదుల మీదే ఆర్డరు ఇచ్చారు. తర్వాత 2019లో అదే కోర్టు, ఒక వెబ్‌సైటును ఆపితే అది పేరు మార్చుకుని వచ్చినా మళ్ళీ కొత్త కేసు అక్కర్లేదని చెప్పింది. 2023లో ఇంకో అడుగు ముందుకేసి, రాబోయే కంటెంటుకి కూడా రక్షణ ఇచ్చింది.

మరి ఎందుకు ఆగదు? కోర్టు ఆర్డరు సర్వీసు ప్రొవైడర్‌కి చేరి, వాళ్ళు బ్లాక్ చేసేలోగా ఇన్నింగ్స్ అయిపోతుంది. సినిమా అయితే రేపు ఆపినా కొంత మిగులుతుంది. మ్యాచ్ విలువ ఆఖరి బంతితో పోయింది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టానికి తెచ్చిన కఠినమైన సవరణ కూడా సినిమాలకే, లైవ్ ప్రసారాలకి అది పనికిరాదు.

బ్లాక్ చేసే వేగం పెంచిన దేశాలు ఉన్నాయి. ఇటలీలో 2024 ఫిబ్రవరి నుంచి ఫిర్యాదు వచ్చిన 30 నిమిషాల్లో బ్లాక్ చేయాలి. ఆ అక్టోబరులో పొరపాటున గూగుల్ డ్రైవే ఆగిపోయింది. ఒక సర్వర్ అడ్రసు వెనక దొంగ ప్రసారంతో పాటు ఆసుపత్రి వెబ్‌సైటూ ఉండొచ్చు. నేను న్యాయవాదిని, అంత తొందరలో ఎవరి మాటా వినకుండా ఆపడం నాకు భయమే.

వనస్థలి_కేబుల్ | ఆదివారం, మధ్యాహ్నం 3:02

పద్మజ మేడమ్ 2002 అనగానే చేతులు ఆగిపోయాయి. ఆ కప్పు నేను వేశాను. మా ఏరియాలో ఒకాయన దగ్గర డీకోడర్ ఉండేది, ఆయన దగ్గర నుంచి వైరు లాక్కుని నలుగురం ఆపరేటర్లం పంచుకున్నాం. అప్పట్లో 300 కనెక్షన్లు ఉంటే ఛానల్ వాళ్ళకి 60 అని రాసిచ్చేవాళ్ళం. అందరూ అలాగే రాసేవారు, కలెక్షన్ ఏజెంటుకీ తెలుసు. దాన్ని దొంగతనం అని ఎప్పుడూ అనుకోలేదు, వ్యాపారం అనుకున్నాం.

ఇవాళ ఆ డబ్బా కొన్న పెద్దాయనా అలాగే అనుకుంటున్నారేమో. నాకు ఆయన మీద కోపం పోయింది. బాధ మాత్రం పోలేదు.

డల్లాస్_కిరణ్ | ఆదివారం, సాయంత్రం 6:15

నేను మలక్‌పేట వాణ్ణి, పద్నాలుగేళ్ళుగా డల్లాస్‌లో ఉన్నాను. ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈ డబ్బా కథ చాలా పాతది. తెలుగు ఛానళ్ళకి ఒక చందా, క్రికెట్‌కి ఇంకో చందా, పిల్లలకి మరొకటి. ఎవరో పార్టీలో చెప్తారు, ఒకసారి డబ్బా కొంటే చాలు, నెల నెలా ఏమీ కట్టక్కర్లేదని. నేనూ 2016లో కొన్నాను. జాదూ టీవీ అనే డబ్బా మీద 2018లో డిష్ నెట్‌వర్క్ అనే ఇక్కడి టీవీ కంపెనీ కోర్టులో కేసు వేసింది. నేను కొన్నది వేరేది, అది కూడా ఒక ఆదివారం పొద్దున నల్లబడిపోయింది. అమ్మినవాడి నెంబరు పనిచేయలేదు. అడగడానికి నాకు ఏ హక్కూ లేదని అప్పుడు తెలిసింది.

ఇంకో భయం ఉంది, ఇది అందరూ వినాలి. సర్టిఫికేషన్ లేని ఇలాంటి ఆండ్రాయిడ్ డబ్బాల్లోకి బ్యాడ్‌బాక్స్ 2.0 అనే వైరస్ చేరిందని 2025 జూన్‌లో ఎఫ్‌బీఐ హెచ్చరించింది. కోటికి పైగా పరికరాలకు సోకిందని గూగుల్ చెప్పి కోర్టుకి వెళ్ళింది. కొన్నిట్లో డబ్బా ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పటికే ఉంటుంది. ఆ డబ్బా మీ ఇంటి వైఫైలో ఉంటుంది. అదే వైఫైలో మీ ఫోన్లో బ్యాంకు యాప్ ఉంటుంది.

సంధ్య_కూకట్‌పల్లి | ఆదివారం, సాయంత్రం 6:40

మేం తీసేసింది అందుకే. పాప కార్టూన్ చూస్తుంటే మధ్యలో చూడకూడని ప్రకటన వచ్చింది. ఆ రోజే పీకేశాను.

హెడ్‌ఎండ్_మూర్తి | ఆదివారం, రాత్రి 8:30

కంపెనీలు చేతులు ముడుచుకుని కూర్చున్నాయని అనుకోవద్దు. ఒక పాత కథ చెప్తాను, మా ఫీల్డులో అందరికీ తెలిసిందే.

అమెరికాలో డైరెక్‌టీవీ అనే డీటీహెచ్ కంపెనీ బాక్సుల్లో పెట్టే కార్డులను దొంగలు మార్చేసి అన్ని ఛానళ్ళూ ఉచితంగా చూసేవారు. కంపెనీ చిన్న చిన్న ముక్కలుగా ఏదో కోడ్ శాటిలైట్ ద్వారా కార్డుల్లోకి పంపుతూ వచ్చింది. విడివిడిగా చూస్తే ఏ ముక్కకీ అర్థం లేదు. దొంగలు కూడా పట్టించుకోలేదు. 2001 జనవరి 21, ఆదివారం రాత్రి, వాళ్ళ దేశపు పెద్ద ఫుట్‌బాల్ ఫైనల్‌కి వారం ముందు, ఆఖరి ముక్క పంపారు. ఆ ముక్కలన్నీ కలిసి ఒక్కసారిగా దొంగ కార్డులను చంపేశాయి. చచ్చిన కార్డుల్లో "గేమ్ ఓవర్" అని అక్షరాలు మిగిలాయి. నాకు తెలిసి కస్టమర్ వైపు తాళాలతో ఇంత అందంగా ఎవరూ కొట్టలేదు.

కొన్నాళ్ళకి ఆ చచ్చిన కార్డులను మళ్ళీ లేపే పరికరాలు బజారులోకి వచ్చేశాయి. చివరికి కంపెనీ కార్డులే మార్చాల్సి వచ్చింది. లక్షల ఇళ్ళకి కొత్త కార్డు పంపడమంటే ఎంత ఖర్చో ఆలోచించండి. మన దేశంలో బాక్సే మార్చాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఎంఎస్ఓ ఛానల్‌ని పెట్టుకోమంటాడు, ఛానల్ ఎంఎస్ఓని పెట్టుకోమంటుంది. నా సర్వీసులో నేను కూర్చున్న మీటింగులన్నిటిలో ఇదే గొడవ. పోయేది ఛానల్ సొమ్ము, తాళం మాత్రం ఎంఎస్ఓది. తన సొమ్ము పోనప్పుడు మంచి తాళం కోసం ఎవరు ఎక్కువ పెడతారు? చవక బాక్సు, చవక తాళం కొనేవారు.

అంతకన్నా పెద్దది బీఅవుట్‌క్యూ అనే దొంగ ప్రసారం కథ. 2017 నుంచి రెండేళ్ళు ఖతార్ వాళ్ళ బీఇన్ స్పోర్ట్స్ ప్రసారాన్ని ఎత్తి, తమ లోగో వేసుకుని, ఏకంగా శాటిలైట్ మీద నడిపారు. 2018 ప్రపంచ కప్పు మొత్తం అలాగే పోయింది. అది నడిచింది సౌదీ నుంచి, అక్కడ కేసు వేద్దామంటే న్యాయవాది దొరకలేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ 2020 జూన్‌లో సౌదీది తప్పని తేల్చేసరికి ఆ ప్రసారం ఆగిపోయి ఏడాది అవుతోంది. రాజ్యం పక్కకి చూస్తే ఏ తాళమూ ఆగదు.

గల్లీ_రిపేరు | ఆదివారం, రాత్రి 9:05

సార్, మీరు చెప్పినవన్నీ కార్డులు, శాటిలైట్లు. ఇప్పుడు దొంగకి ఇవేవీ అక్కర్లేదు. 2016లో డేటా చవకయ్యాక అంతా మారింది. పాత రోజుల్లో దొంగ ప్రసారం వెయ్యాలంటే వైరు లాగాలి, గల్లీలో అందరికీ కనిపిస్తాడు. ఇప్పుడు సర్వర్ ఏ దేశంలోనో ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగి వైరు లాగే పని ఇంటర్నెట్ కనెక్షన్ చేసి పెడుతోంది.

శీను అన్నా, చెప్పడానికి కష్టంగా ఉంది కానీ, ఆ పెద్దాయన ఇంట్లో డబ్బాకి నెట్ ఎవరిది?

వనస్థలి_కేబుల్ | ఆదివారం, రాత్రి 9:20

నాదే.

100 ఎంబీపీఎస్ ప్లాను. కేబుల్ పోయినా నెట్ ఉంది కదా అని సంతోషించాను. నేను పిన్ను మార్చి బాగుచేసి వచ్చిన లైన్లోంచే ఆ మ్యాచ్ వస్తోంది.

అడ్వకేట్_పద్మజ | ఆదివారం, రాత్రి 9:45

అందులో మీ తప్పు లేదు శీను గారూ. లైన్లో ఏం పోతోందో చూసే హక్కు మీకు లేదు, ఉండకూడదు కూడా. ఫోన్లో దొంగలు మాట్లాడుకున్నారని ఫోన్ లైను వేసినవాణ్ణి ఎవరూ పట్టుకోరు. కోర్టు ఆర్డరు వస్తే బ్లాక్ చేయడం వరకే మీ పని.

పట్టుకోవలసింది మధ్యలో డబ్బు తీసుకునేవాణ్ణి. డబ్బు ఎక్కడో ఒకచోట బ్యాంకులో తేలాలి. 2025 నవంబరులో ఐబొమ్మ సైటు నడిపిన వ్యక్తిని మన హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్టు చేశారు. ఏళ్ళ తరబడి డొమైన్లు మూస్తే ఆగనిది మనిషి దొరికాకే ఆగింది. ఇంగ్లండులో 2023లో ఒక దొంగ ఐపీటీవీ (నెట్ మీద వచ్చే టీవీ) నడిపిన ఐదుగురికి కలిపి 30 ఏళ్ళకి పైగా శిక్ష పడింది, నడిపించినవాడికి 11 ఏళ్ళు. కానీ ఆ కేసు సాగిన కాలంలో ఎన్ని కొత్తవి పుట్టి ఉంటాయో కూడా ఆలోచించాలి.

హెడ్‌ఎండ్_మూర్తి | ఆదివారం, రాత్రి 10:10

పుట్టాయి మేడమ్. 2019 సెప్టెంబరులో యూరప్ పోలీసులు ఎక్స్‌ట్రీమ్ కోడ్స్ అనే సాఫ్ట్‌వేర్ సర్వర్లను మూసేశారు. వేల ఐపీటీవీ దుకాణాలు దాని మీదే నడిచేవి. ఒక్క రోజులో లక్షల తెరలు నల్లబడ్డాయి. చాలా దుకాణాలు మళ్ళీ లేచాయి, ఎక్కువ రోజులు పట్టలేదు.

నా అభిప్రాయం అడిగితే, పూర్తిగా ఆపాలనుకోవడమే పొరపాటు. దొంగ ప్రసారం చూసేవాడికి విసుగు పుట్టించాలి. మంచి ఓవర్లో తెర నల్లబడాలి, మళ్ళీ మళ్ళీ నల్లబడాలి. అవతల డబ్బు కట్టినవాడికి అడ్డం లేకుండా రావాలి. మనం తిప్పి చేస్తున్నాం. డబ్బు కట్టిన ఇంట్లో తెర మీద నెంబరు పడి బ్యాటు కనిపించదు, రీచార్జ్ ఒక రోజు ఆలస్యమైతే రాత్రి పన్నెండుకి ఆగిపోతుంది. డబ్బా వాడికి మాత్రం అన్నీ ఒకేచోట.

సంధ్య_కూకట్‌పల్లి | ఆదివారం, రాత్రి 10:22

ఈ మాట ఛానల్ వాళ్ళ ఆఫీసులో గోడకి అతికించాలి మూర్తి గారూ.

వనస్థలి_కేబుల్ | బుధవారం, రాత్రి 11:35

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను.

నిన్న ఆ పెద్దాయనే ఫోన్ చేశారు. "శీనూ, రేపు మ్యాచ్ టైముకి ఇంటికి రా" అన్నారు. ఇవాళ వెళ్ళాను. టీ ఇచ్చారు. టీవీ ఎదురుగా కుర్చీ వేసి, "నీ ఫోన్ తీసి వీడియో పెట్టుకో, ఆ గడి ఆలస్యంగా వచ్చినప్పుడు నెంబరు పడుతుంది, నేను రోజూ చూస్తున్నాను" అన్నారు. పది ఓవర్లు కూర్చున్నాం. రెండుసార్లు పడింది. మొదటిసారి ముందు అంకెలు, రెండోసారి వెనక అంకెలు. కలిపితే పూర్తి నెంబరు వచ్చింది. ఆయనే తన క్యాలెండర్ వెనక పెన్నుతో రాసి ఇచ్చారు.

అక్కడి నుంచే మా ఎంఎస్ఓ నోడల్ ఆఫీసరుకి పంపాను. పద్దెనిమిది నిమిషాలకి, పదమూడో ఓవర్ మధ్యలో, టీవీ నల్లబడింది. పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. నేను వేసిన లైను మీద నేను కొట్టిన మొదటి దెబ్బ.

పదహారో ఓవర్లో బొమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి నెంబరు ఇంకో తీరుగా పడుతోంది, అక్షరాలు కూడా ఉన్నాయి, మసక గడి ఎడమవైపు. మా సిరీస్ కాదు, ఏదో డీటీహెచ్.

నేను చంపించిన బాక్సు ఘట్‌కేసర్ వైపు ఒక ఎల్‌సీఓ కింద ఉందట. పేరు ఒక ముసలామెది. రేపు వెళ్ళి చూస్తామన్నారు.

వచ్చేస్తుంటే పెద్దాయన గేటు దాకా వచ్చారు. కేబుల్ మళ్ళీ పెట్టించుకుంటానన్నారు, సంధ్య గారు రాసినట్టు ఆయనకీ నాలుగు తెలుగు ఛానళ్ళు, ఒక స్పోర్ట్స్ చాలట. అక్కర్లేనివి తీసేసి ఎంతవుతుందో కాగితం మీద రాసి తెమ్మన్నారు. ఇంటికొచ్చి రాస్తూ కూర్చున్నాను. విడిగా లెక్క వేస్తే ప్యాకు కన్నా 41 రూపాయలు ఎక్కువ వస్తోంది. మూర్తి సార్, ఇంకో తీరుగా కలిపి తగ్గించే దారి ఏదైనా ఉంటే చెప్పండి, పొద్దున ఎనిమిదికి వస్తానని మాటిచ్చాను.